తాతల నాటి సేద్యపు మిద్దెను ఊరి ఇల్లుగా మార్చడం ఎలా? ముందు పైకెక్కండి

"మా తాత కట్టిన మిద్దె ఖాళీగా పడి ఉంది. మేమంతా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నాం. అమ్మబుద్ధి కావడం లేదు. ఊళ్లో పిల్లలు చదువుకోవడానికో, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికో ఇద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?"

నెలకొకరైనా ఇదే అడుగుతున్నారు. ఫోన్లో చెప్పిందే చెప్పి విసుగొచ్చింది, అందుకే రాసి పెడుతున్నా.

నేను ఇంజనీరును కాను. జమ్మలమడుగు దగ్గర మా పెద్దనాన్న వాళ్ల మిద్దెను చదువుకునే గదిగా, మీటింగు హాలుగా మార్చే పనిలో మూడేళ్లు తిరిగాను. తర్వాత బనగానపల్లె వైపు ఒకటి, తాడిపత్రి వైపు ఒకటి దగ్గరుండి చూశాను. మూడు చోట్లా ఒకటే తంతు. కింద టైల్స్, గోడలకు రంగు, ముందర దాత పేరుతో నేమ్ బోర్డు, వీటితో మొదలుపెడతారు. మిద్దె చెడేది మాత్రం పైనుంచి. కాబట్టి కాగితాలు, పైకప్పు, గోడలు, నేల, ఆ తర్వాతే రంగు. ఈ వరుస మారిస్తే చేసిన పనే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

ఇది రాతి గోడలో మట్టి గోడలో ఉండి, పైన దూలాలు, దంతెలు (దూలాల మీద అడ్డంగా వేసే సన్నటి కట్టెలు), వాటి మీద నాపబండలో కట్టెలో పరిచి మన్ను, చౌడు (నీళ్లు దిగనివ్వని ఉప్పు మన్ను) పోసిన ఇళ్లకు మాత్రమే. మీది కాంక్రీటు స్లాబు అయితే పద్ధతులు వేరు.

కావాల్సినవి

- ఇంటి పత్రాలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం చూపే పత్రం), వారసులందరి ఫోన్ నంబర్లు
- పాత మిద్దెల పని తెలిసిన బేల్దారి ఒకరు, వడ్రంగి ఒకరు. అరవై దాటినవాళ్లయితే మరీ మంచిది
- స్ట్రక్చరల్ ఇంజనీరు. రెండుసార్లు వచ్చి చూస్తే చాలు, కానీ రావాల్సిందే
- సెంట్రింగ్ వాళ్ల ఇనుప జాకీలు, వాటి కిందా పైనా పెట్టడానికి మందపాటి చెక్కలు
- గంపలు, పారలు, తాళ్లు, హెల్మెట్లు, దుమ్ముకు మాస్కులు
- చౌడు, సున్నం, ఇసుక, ఇటుక పొడి
- కొద్దిగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, సుద్దముక్కలు, పొడవాటి స్క్రూడ్రైవర్
- ఒక నోట్‌బుక్

డబ్బు విషయానికొస్తే, చేతిలో పది రూపాయలుంటే ఆరు పైకప్పుకు పక్కన పెట్టండి.

1. ముందు సంతకాలు

ఊరికి ఇస్తున్నామని పది మందిలో ప్రకటించడానికి ముందే వారసులందరినీ కూర్చోబెట్టండి. అన్నదమ్ములు సరే అంటే సరిపోతుందనుకోవడం అందరూ చేసే తప్పు. మన రాష్ట్రంలో 1986లో చేసిన సవరణ, ఆ తర్వాత 2005లో వచ్చిన కేంద్ర సవరణ ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చాయి. ఎవరెవరికి వాటా వస్తుందో లాయరు చెబుతాడు. మీరు మాత్రం మేనత్తలను, అక్కచెల్లెళ్లను మరవకండి. బనగానపల్లె వైపు చూసిన పని ఏడాదిన్నర ఆగిపోయింది ఇందుకే. మేనత్తకు డబ్బు మీద ఆశేమీ లేదు. "నన్నొక మాట అడగలేదు కదా" అంది, అంతే.

ఇల్లు ఇవ్వడానికి రెండు దారులున్నాయి.

- దానపత్రం. స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. తెల్లకాగితం మీద రాసి పెద్దమనుషుల చేత సంతకాలు చేయిస్తే చెల్లదు.
- ఇల్లు మీ పేరునే ఉంచుకుని లీజుకివ్వడం. ఏడాది దాటిన లీజు కూడా రిజిస్టరు చేయించాల్సిందే. మనసు పూర్తిగా ఒప్పుకోని కుటుంబాలకు నేను ఇదే చెబుతాను.

పుచ్చుకునే వాళ్లకు ఒక రూపం ఉండాలి. 2001 నాటి ఏపీ సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. ఏడుగురూ ఒకే పార్టీ వాళ్లయితే వచ్చే ఎన్నికల తర్వాత తాళం మారుతుంది. ఇది ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

ఇంకొకటి. గండికోట, గుత్తి, సిద్ధవటం, లేపాక్షి, తాడిపత్రి లాంటి చోట్ల కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలున్నాయి. అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు కూడా అనుమతితోనే చేయాలి. పంచాయతీ అనుమతి ఎలాగూ తప్పదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి కదా, మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని వెళ్లండి. పాత లెక్కన కర్నూలు వెళ్లి తిరిగొచ్చిన బనగానపల్లె వాళ్లను చూశాను.

2. ఒక వానాకాలం ఊరికే చూడండి

పని మొదలుపెట్టే తొందరలో ఎవరూ చేయని పని ఇది. మన వైపు గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరులోనే. ఆ రెండు నెలలు చూస్తే ఇల్లే తన జబ్బు చెబుతుంది.

గోడల్లో ఉన్న ప్రతి పగులు మీదా అరచేతి వెడల్పున ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బిళ్ల అద్ది, దాని మీద పెన్సిలుతో తేదీ వేయండి. బిళ్ల తెగితే గోడ ఇంకా కదులుతున్నట్టు. చెక్కు చెదరకుంటే అది పాత పగులు, పూడ్చేస్తే సరి. నల్లరేగడి నేలలో అయితే ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే పగుళ్లుంటాయి. వాటిని సిమెంటుతో బిగిస్తే పక్కన కొత్త పగులొస్తుంది.

ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫోటో తీయండి. కొలతలు రాయండి. కడపలో బ్రౌన్ దొర కొన్న బంగళా శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి లాంటి వాళ్లు పట్టుబట్టి పని చేయబట్టి ఆ స్థలంలో గ్రంథాలయం వచ్చింది గానీ బంగళా తిరిగి రాలేదు. మీ ఇంట్లో అటక మీద తాళపత్రాలో పాత లెక్కల పుస్తకాలో దొరికితే పాత సామాన్ల వాడికి వేయకుండా అక్కడికి తీసుకెళ్లి చూపించండి.

3. పాతరలు ఎక్కడున్నాయో అడగండి

సేద్యపు ఇళ్లలో జొన్నలు దాచిన పాతరలు వాకిట్లోనో దొడ్లోనో ఉంటాయి. మూత బండ మీద అర అడుగు మన్ను పేరుకుని ఎవరికీ కనిపించదు. ట్రాక్టరు ఇసుకతో లోపలికి వచ్చిందంటే చక్రం దిగబడిపోతుంది. ఊళ్లో ముసలివాళ్లను అడగండి, గడ్డపారతో నేల మీద కొట్టి చూడండి. లోపల బోలుగా ఉంటే చప్పుడు మారుతుంది. దొరికిన పాతరలోకి వెంటనే మనిషిని దించకండి. ఏళ్ల తరబడి మూసి ఉన్న గుంతలో గాలి ఉండదు, ప్రాణం పోతుంది. ఒకట్రెండు రోజులు తెరిచి పెట్టి, బయటి నుంచే మన్నుతో పూడ్చి దిమ్మిస కొట్టండి. ఒక పాతరను మాత్రం గట్టి కంచె కట్టి చూపించడానికి ఉంచుకోవచ్చు. పిల్లలకు అదే నచ్చుతుంది.

తవ్వుతున్నారని తెలియగానే గుప్తనిధుల పుకారు లేస్తుంది, రాయలసీమ కదా. రాత్రిపూట కాపలా పెట్టండి. నిజంగా ఏమన్నా దొరికితే కలెక్టరుకు తెలపాలి. 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది, అందులో హద్దు పది రూపాయలే!

4. మిద్దె మీది బరువు దించండి

ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే సగం పని అయినట్టే.

మిద్దె ఉరిసినప్పుడల్లా, అంటే వాన నీరు కారినప్పుడల్లా, పైన ఇంకో పొర చౌడు పోయడం మన అలవాటు. పాతది తీయరు. మా పెద్దనాన్న వాళ్ల మిద్దెకు అంచులో గుంత తీసి చూస్తే అడుగు మందం తేలింది. పొరలు కూడా లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి, తెలుపు, ఎరుపు, మళ్లీ తెలుపు. లెక్క వేయండి. పదడుగులకు పదడుగుల గది మీద అడుగు మందం మన్ను అంటే దాదాపు ఐదు టన్నులు. అది పొడి మన్ను. తడిస్తే ఇంకా పెరుగుతుంది. ముసురు పట్టిన రాత్రుల్లో మిద్దెలు కూలి మనుషులు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం.

దించే పద్ధతి:

- ఫిబ్రవరి నుంచి వానలు మొదలయ్యేలోపు, పొద్దున్నే చేయండి. మబ్బు పట్టిన రోజు వద్దు.
- ముందు కింద జాకీలు పెట్టండి. ప్రతి దూలానికీ మధ్యలో ఒకటి, వంగిన దూలానికి మూడు. జాకీని దూలానికి ఆనేదాకా తిప్పండి, అంతే. పైకి లేపాలని చూస్తే గోడ కదులుతుంది.
- కింద గదుల్లో మనిషి ఉండకూడదు. సామాన్లు తేవడానికి కూడా వెళ్లకూడదు.
- పైన నలుగురికి మించి ఎక్కకండి. గోడల మీదుగా, దూలాల వెంట నడవండి.
- ఒక మూల నుంచి అడుగుదాకా తవ్వుకుంటూ పోకండి. మిద్దె మొత్తం మీద మూడేసి అంగుళాల పొర తీస్తూ రావాలి. ఒకవైపు ఖాళీ, ఒకవైపు బరువు అయితే దంతెలు జారతాయి.
- తీసిన మన్ను పైన కుప్ప పోయకండి. గంపతో అప్పటికప్పుడు కిందికి దించండి.

పాత చౌడును పారబోయకండి. జల్లెడ పడితే మళ్లీ పనికొస్తుంది.

5. దూలాలు, దంతెలు

స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ముఖ్యంగా గోడలోకి దూరిన చివర్లు. మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా చెద పట్టేదీ, పుచ్చేదీ అక్కడే. అర అంగుళం కన్నా లోతుగా సులువుగా దిగితే ఆ ముక్క మార్చాలి. సుత్తితో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల బోలు. ఒక్క చివరే పుచ్చిపోతే దూలం మొత్తం మార్చనక్కర్లేదు. కింద రాతి కంబమో ఇనుప బ్రాకెట్టో ఆనించవచ్చు, ఎక్కడ ఆనించాలో ఇంజనీరు చెప్పాలి. దంతెల మీది నాపబండలు విప్పాల్సి వస్తే సుద్దముక్కతో నంబర్లు వేసి విప్పండి. మేం వేయలేదు. మళ్లీ పేర్చడానికి నాలుగు రోజులు బండలతో సావాసం చేశాం.

చెదల మందు డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. మందు కొట్టిన రెండు మూడు రోజులు పిల్లలను రానివ్వకండి.

6. మళ్లీ చౌడు వేయడం

మొత్తం ఆరంగుళాలు దాటొద్దు. కింద నాలుగంగుళాలు మామూలు మన్ను కొద్దిగా తడిపి దిమ్మిస కొట్టి, పైన రెండంగుళాలు చౌడు. నీళ్లు పోయే వైపు నాలుగడుగులకు ఒక అంగుళం వాలు ఉండాలి. నీటి గొట్టాలు గోడ నుంచి అడుగున్నరైనా బయటికి రావాలి, లేకపోతే ఆ నీళ్లన్నీ పునాదిలోకే.

అది నిజంగా చౌడేనా అని ఇలా చూడండి. గాజు గ్లాసు నిండా మంచినీళ్లు పోసి గోలీకాయంత గడ్డ మెల్లగా వదలండి, కదపకండి. గడ్డ చుట్టూ పాలలా మబ్బు కమ్మి గంటల తరబడి తేరుకోకుంటే మంచి చౌడు. గడ్డ విరిగి అడుగున కూర్చుని నీళ్లు తేటగా ఉంటే అది మామూలు మట్టి. తడిసినప్పుడు ఉబ్బి సందులు మూసుకునే గుణమే మనకు కావాలి. ఏ చెరువు పక్క మన్నయినా ఒకటేలే అని ట్రాక్టరు వాడు తెచ్చింది దించుకోకండి.

చౌడు దొరకకపోతే ఇటుక ముక్కలు, సున్నం కలిపి వేసే పాతకాలపు గచ్చు మంచిదే, ఖర్చు ఎక్కువ. అదీ కుదరకపోతే మన్ను పూర్తిగా తీసేసి, ఎత్తులో గాలి ఆడేలా ఇనుప ఫ్రేము కట్టి రేకులు వేయించండి. చూడ్డానికి బాగుండదు, మిద్దె మాత్రం నిలుస్తుంది.

చేయకూడనిది ఒకటే. మన్ను మీదే రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయడం. ఉరవడం ఆగుతుందని అందరూ చేస్తారు. చదరపు మీటరుకు 120 కిలోల బరువు అదనంగా పడుతుంది. మన ఎండకు రెండేళ్లలో వెంట్రుకవాసి పగుళ్లొస్తాయి. వాటిలోంచి దిగిన నీరు ఆరే దారి లేక లోపలే ఉండి దూలాలను పుచ్చబెడుతుంది. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

గవాచిని, అంటే వెలుగు కోసం మిద్దెలో వదిలిన కంతను, మూసేయొద్దు. చుట్టూ అర అడుగు గోడ లేపి, సందుల్లో జాలీ పెట్టి, పైన గాజు పలక వేయండి. వెలుగు వస్తుంది, వేడి గాలి పోతుంది, వాన రాదు. మూసేసిన గదిలో మే నెలలో మీటింగు పెట్టి చూడండి, తెలుస్తుంది.

7. గోడలు: సిమెంటు పూత వద్దు

ఇక్కడ నా తప్పే చెబుతాను. పశువుల కొట్టం గోడలకు సిమెంటు పూయించాను. ఒక బేల్దారి "అన్నా, నూరేళ్లు చూసుకోబల్లే" అన్నాడు. ఎనిమిది నెలలకు గాడి ఉన్న వైపు నడుము ఎత్తు దాకా పూత పొంగి, చేత్తో తడితే పెళ్లలు పెళ్లలుగా రాలింది. వెనక తెల్లగా ఉప్పు. తరాల తరబడి ఎద్దులు కట్టేసిన చోటు, వాటి మూత్రంలోని లవణాలన్నీ గోడ పీల్చుకుని ఉంది. తడి ఆరాలంటే బయటికి రావాలి, సిమెంటు రానివ్వదు. వెనక ఉప్పు పేరుకుని పూతను తోసేసింది.

కాబట్టి కొట్టాన్ని హాలు చేస్తుంటే:

- పాత పూత గీకేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయండి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.
- మెత్తని బంకమట్టిని మంచినీళ్లతో కలిపి అర అంగుళం మందాన గోడకు మెత్తండి. ఆరి బెరడులా లేచాక తీసేయండి. ఉప్పు దానితో వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు.
- తర్వాత సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లతో పూత. సున్నాన్ని కనీసం మూడు వారాలు నీళ్లలో నానబెట్టి ఉంచాలి. పూశాక వారం పైన గోనెపట్టలు కట్టి తడుపుతూ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి, పూత గట్టిపడకముందే ఎండి పొడిపొడి అయిపోతుంది.

సున్నం కంట్లో పడితే వెంటనే నీళ్లు కొడుతూ ఆస్పత్రికి పోవాలి. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ కలపనివ్వకండి.

సున్నం పని తెలిసిన వాళ్లు దొరకకపోతే వరిగడ్డి ముక్కలు, పేడ కలిపిన మట్టి పూత చాలు. రెండేళ్లకోసారి మళ్లీ పూసుకోవాలి.

గోడ ఆరిందో లేదో చూడటానికి రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించండి. మర్నాడు లోపలి వైపు నీటి చుక్కలుంటే ఇంకా తడి ఉంది, రంగు ఆపండి.

8. నేల, వాకిళ్లు

బండపరుపు బాగుంటే అలాగే ఉంచండి. ఎగుడుదిగుడు బండలు లేపి సరిచేసి మళ్లీ వేయించండి, తక్కువైతే బేతంచెర్ల నుంచో తాడిపత్రి నుంచో తెప్పించుకోవచ్చు. నున్నటి టైల్స్ వేస్తే ముసలివాళ్లు జారి పడతారు.

ర్యాంపు దగ్గర బేల్దారులందరూ ఒకటే తప్పు చేస్తారు. ఎత్తు అడుగుకు పొడవు పన్నెండడుగులు ఉండాలి. అరుగు అడుగున్నర ఉంటే ర్యాంపు 18 అడుగులు. వాళ్లు నాలుగడుగుల్లో కట్టి బైకు ఎక్కించి చూపిస్తారు. చక్రాల కుర్చీ తెచ్చి ఎక్కించమనండి.

మన పాత వాకిళ్లు పొట్టివి, తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. అందంగా ఉన్నాయి కదా, తీసేయకండి. కానీ జనం ఉన్నంతసేపు రెండు రెక్కలూ గోడకు కొక్కెంతో బిగించి ఉంచాలి. వెనక దొడ్డి వైపు బయటికి తెరుచుకునే రెండో దారి పెట్టాల్సిందే.

9. కరెంటు, మరుగుదొడ్డి

పాత వైరింగు మొత్తం తీసేయించండి, ఒక్క ముక్క కూడా వద్దు. కొత్త ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించి నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఇంటి మీటరు మీద హాలు నడపకండి, ఎస్పీడీసీఎల్ (కరెంటు సంస్థ) ఆఫీసులో కేటగిరీ మార్పించండి. మరుగుదొడ్డి పాత గోడకు ఆనించి కట్టొద్దు. దొడ్లో పల్లం వైపు, బావికి 15 మీటర్ల దూరంలో కట్టండి.

10. ఎంతమంది?

కింద కూర్చునే మీటింగుకు ఒక్కొక్కరికి పది చదరపు అడుగులు లెక్క వేసుకుని ఆ సంఖ్యను వాకిలి పక్కన రాసిపెట్టండి. పుస్తకాల బీరువాలు గోడలకు ఆనించి నేల మీదే ఉంచండి, అటక మీదికి ఎక్కించకండి. మిద్దె మీదికి జనాన్ని రానివ్వకండి. ఊరేగింపు రోజు చూడటానికి ఎక్కుతారు, ఆ రోజు మెట్లకు తాళం వేయండి.

ఇప్పుడు రంగు వేయండి. గోడలకు సున్నం చాలు, ప్లాస్టిక్ పెయింటు వద్దు. నేమ్ బోర్డు మీ ఇష్టం.

మొదటి గట్టి వాన పడ్డ రాత్రి

టార్చి తీసుకుని మీరే వెళ్లండి. ప్రతి దంతె కిందా వెలుగు వేసి చూడండి, తడి మచ్చ కనిపిస్తే దాని చుట్టూ సుద్దతో గీసి టైము రాయండి. తెల్లారాక మచ్చ గీత దాటిందో లేదో తెలుస్తుంది. బయట గొట్టాల నీళ్లు గోడ మీద పడుతున్నాయా, అరుగు పక్కన నిలుస్తున్నాయా చూసుకోండి. చిన్న మచ్చకు పైన ఆ చోట గంపెడు చౌడు వేసి తొక్కితే చాలు, మొత్తం మీద పోయొద్దు.

గోడల పగుళ్లు పూడ్చినా, ఆ ప్లాస్టర్ బిళ్లలు రెండు మూడు కొత్తగా పెట్టుకోండి. తెగితే ఆ రోజే మీటింగులు ఆపి ఇంజనీరును పిలవండి. తెగకపోతే పాత తేదీ కింద కొత్త తేదీ వేసి అలాగే వదిలేయండి.